పిస్టన్ కింద ఆయిల్ ఫౌంటెన్: టర్బో ఇంజన్‌ని మాడిపోకుండా కాపాడే ఆయిల్ జెట్ ఎలా పనిచేస్తుంది?

ఫోన్‌లో అరగంట గేమ్ ఆడితే వెనక ప్యానెల్ కాలిపోతుంది, ఫ్రేమ్ రేట్ పడిపోతుంది. అందుకే కొత్త ఫోన్ రివ్యూ చేసినప్పుడల్లా వేపర్ చాంబర్ ఎంత పెద్దది, గ్రాఫైట్ షీట్ ఉందా లేదా అని చూస్తాం. ఇంతా చేస్తే ఫోన్ ప్రాసెసర్ వదిలే వేడి కొన్ని వాట్లే.

ఇప్పుడు కారు ఇంజన్ సంగతి చూద్దాం. సిలిండర్‌లో పెట్రోల్ మండినప్పుడు ఆ గ్యాస్ ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ మంట నేరుగా తగిలేది పిస్టన్ తలకి. ఇంజన్ బ్లాక్‌కి, హెడ్‌కి చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. పిస్టన్ మాత్రం నిమిషానికి కొన్ని వేల సార్లు పైకీ కిందకీ పరుగెడుతూ ఉంటుంది. దానికి కూలెంట్ పైపు తగిలించలేం, ఫ్యాన్ పెట్టలేం. మరి దాన్ని చల్లబరిచేది ఎవరు?

చాలావరకు ఇంజన్ ఆయిలే. నేటి టర్బో ఇంజన్లలో ఆ ఆయిల్‌ని పిస్టన్ కింద నుంచి గురిపెట్టి కొట్టే చిన్న నాజిల్ ఒకటి ఉంటుంది. దాని పేరే పిస్టన్ కూలింగ్ ఆయిల్ జెట్. స్పెక్ షీట్లలో ఇది దాదాపు కనిపించదు, షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. కానీ మీరు కొన్న టర్బో కారు లక్ష కిలోమీటర్లు సాఫీగా తిరుగుతుందా లేదా అన్నదాంట్లో దీనికీ పెద్ద వాటా ఉంది. ఇది ఎలా పనిచేస్తుంది, మన సైబరాబాద్ డ్రైవింగ్‌లో దీన్ని ఎలా కాపాడుకోవాలి అన్నది స్టెప్ బై స్టెప్ చూద్దాం.

పిస్టన్ ఎందుకు కరిగిపోదు?

కార్ల పిస్టన్లు ఎక్కువగా అల్యూమినియం, సిలికాన్ కలిసిన మిశ్రమ లోహంతో చేస్తారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పిస్టన్ మిశ్రమం ఇంకా ముందే, 570-580 డిగ్రీల ప్రాంతంలోనే కరగడం మొదలుపెడుతుంది. మరి 2000 డిగ్రీల మంట తగిలితే కరిగిపోవాలి కదా?

కరగకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, ఆ మంట ఉండేది సెకనులో చిన్న భాగం మాత్రమే. వెంటనే ఎగ్జాస్ట్ బయటికి పోతుంది, కొత్త గాలి లోపలికి వస్తుంది. రెండు, పిస్టన్‌కి ఎక్కిన వేడి ఆగకుండా బయటికి పోతూనే ఉంటుంది. ఈ రెండూ బ్యాలెన్స్ అయ్యి, ఫుల్ లోడ్‌లో పిస్టన్ తల మామూలుగా 250 నుంచి 350 డిగ్రీల మధ్య నిలుస్తుంది.

కరగలేదు కాబట్టి సేఫ్ అనుకోవద్దు. అల్యూమినియం కరగడానికి చాలా ముందే బలం కోల్పోతుంది. ఇంకో లిమిట్ కూడా ఉంది. పిస్టన్ పై రింగు కూర్చునే గాడి మరీ వేడెక్కితే అక్కడి ఆయిల్ మాడి, గట్టి కార్బన్‌లా పేరుకుంటుంది. రింగు గాడిలోనే ఇరుక్కుంటుంది. రింగు కదలకపోతే కంప్రెషన్ లీక్ అవుతుంది, ఆయిల్ పైకి ఎక్కి కాలుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ముదిరితే మన మెకానిక్‌లు చెప్పే ఆ భయంకరమైన మాట వినాల్సి వస్తుంది: "ఇంజన్ పట్టేసింది సార్."

పిస్టన్ నుంచి వేడి బయటికి పోవడానికి దారులు ఇవి:

- రింగుల ద్వారా సిలిండర్ గోడకి, అక్కడి నుంచి కూలెంట్‌కి. చాలా ఇంజన్లలో ఇదే పెద్ద దారి.
- పిస్టన్ పక్క భాగం, అంటే స్కర్ట్ ద్వారా గోడకి.
- గడ్జన్ పిన్ ద్వారా కనెక్టింగ్ రాడ్‌కి. ఇది చిన్న దారి.
- పిస్టన్ లోపలి అడుగు నుంచి ఆయిల్‌కి.

మొదటి మూడు దారుల్నీ ఒక హద్దు దాటి పెంచలేం. పెంచడానికి వీలున్నది నాలుగోది. ఆయిల్ జెట్ చేసేది సరిగ్గా అదే.

సెల్టోస్ ఉదాహరణ: ఒకే కారు, రెండు ఇంజన్లు

పాత రోజుల్లో చాలా పెట్రోల్ కార్లు ఆయిల్ జెట్ లేకుండానే హాయిగా నడిచాయి. ఇప్పుడు అవసరం ఎందుకు పెరిగింది? మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి ఎన్‌హెచ్ 44 మీద వెళ్లేటప్పుడు పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ కనబడుతుంది. 2019 ఆగస్టులో సెల్టోస్ తయారీ మొదలైంది అక్కడే. 2023లో వచ్చిన సెల్టోస్ ఫేస్‌లిఫ్ట్‌లో రెండు పెట్రోల్ ఇంజన్లు ఇచ్చారు.

- మామూలు 1.5 పెట్రోల్: 1,497 సీసీ, 115 పీఎస్, 144 ఎన్ఎం
- 1.5 టర్బో పెట్రోల్: 1,482 సీసీ, 160 పీఎస్, 253 ఎన్ఎం

సీసీ దాదాపు ఒకటే. సిలిండర్లు రెండింటికీ నాలుగే. కానీ టార్క్ చూడండి, టర్బోలో దాదాపు 75 శాతం ఎక్కువ. సీసీ ఒకటే అయినప్పుడు టార్క్ పెరిగిందంటే సిలిండర్‌లో సగటు ప్రెషర్ కూడా అంతే పెరిగిందని అర్థం. పవర్ లెక్కలో మామూలు ఇంజన్‌లో ఒక్కో పిస్టన్ వాటా సుమారు 29 పీఎస్ అయితే, టర్బోలో 40 పీఎస్.

ఫోన్ భాషలో చెప్పాలంటే, చిప్ సైజు పెంచకుండా క్లాక్ స్పీడ్ పెంచారు. అంత చిన్న పిస్టన్ మీదే ఎక్కువ వేడి పడుతుంది. కాబట్టి కూలింగ్ కూడా పెరగాలి. నేటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలోనూ, దాదాపు అన్ని కొత్త డీజిల్ ఇంజన్లలోనూ ఆయిల్ జెట్లు మామూలు విషయం అయిపోవడానికి కారణం ఇదే. ఐటీ కారిడార్‌లో క్యాబ్‌లుగా ఏళ్ల తరబడి తిరిగిన టయోటా ఇన్నోవా 2.5 డీజిల్‌లో కూడా ఆయిల్ జెట్లు ఉన్నాయి.

జెట్ ఎక్కడ ఉంటుంది?

ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్ ఉంటుంది. అక్కడి నుంచి ఆయిల్ పంప్ ఆయిల్‌ని పైకి లాగుతుంది. ఫిల్టర్ గుండా పంపి, బ్లాక్ లోపల పొడవునా ఉండే పెద్ద దారిలోకి తోస్తుంది. దీన్ని మెయిన్ గ్యాలరీ అంటారు. క్రాంక్ బేరింగులు, క్యామ్‌షాఫ్ట్, టర్బో అన్నిటికీ ఆయిల్ వెళ్లేది దీని నుంచే.

ప్రతి సిలిండర్ అడుగున, ఈ గ్యాలరీకి కలిపి ఒక చిన్న జెట్ బిగిస్తారు. చూడటానికి వంపు తిరిగిన సన్న గొట్టం ఉన్న బోల్ట్‌లా ఉంటుంది. రంధ్రం సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గొట్టం మూతి పిస్టన్ లోపలి అడుగుకి గురిపెట్టి ఉంటుంది.

దీనిలోపల చాలా డిజైన్లలో ఒక స్ప్రింగు, ఒక బాల్ ఉంటాయి. అదే చెక్ వాల్వ్. ఆయిల్ ప్రెషర్ ఒక స్థాయి దాటాకే, సాధారణంగా 1.5 నుంచి 2 బార్ ప్రాంతంలో, బాల్ వెనక్కి జరిగి జెట్ తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది: ఇది ప్రయారిటీ క్యూ. ఐడిల్‌లో పంప్ నెమ్మదిగా తిరుగుతుంది, ప్రెషర్ తక్కువ. ఆ ఉన్న కాస్త ఆయిల్ కూడా జెట్ల నుంచి కారిపోతే బేరింగులు ఎండిపోతాయి. అందుకని ముందు బేరింగులకి, మిగిలితేనే జెట్లకి. ఒక స్ప్రింగు, ఒక బాల్‌తో రాసిన ఇఫ్ కండిషన్ అన్నమాట.

లెక్క వేసి చూద్దాం

జెట్ దగ్గర ఆయిల్ ప్రెషర్ 3 బార్, ఆయిల్ సాంద్రత క్యూబిక్ మీటరుకి 850 కిలోలు అనుకుందాం. బెర్నౌలీ సూత్రం ప్రకారం ఆయిల్ బయటికి వచ్చే వేగం సెకనుకి సుమారు 26 మీటర్లు. అంటే గంటకి 90 కిలోమీటర్లకి పైనే.

రంధ్రం 1.5 మిల్లీమీటర్లు అనుకుని, నష్టాలకి 20 శాతం తీసేస్తే, ఒక్కో జెట్ నుంచి నిమిషానికి సుమారు 2.2 లీటర్ల ఆయిల్ వస్తుంది. నాలుగు జెట్లకి కలిపి 9 లీటర్ల దాకా. చాంబర్‌లో ఉండేదే నాలుగైదు లీటర్లు. అంటే మొత్తం ఆయిల్‌కి సమానమైనంత ఒక్క నిమిషంలో రెండుసార్లు పిస్టన్లని తాకి వస్తున్నట్టు.

ఇప్పుడు వేడి లెక్క. వేడి ఆయిల్ ఒక కిలో, ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 2.2 కిలోజౌళ్లు తీసుకుంటుంది. పిస్టన్‌ని తాకి కిందపడేలోపు ఆయిల్ 15 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, ఒక్కో జెట్ మోసుకెళ్లే వేడి సుమారు 1 కిలోవాట్. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డ్ పవర్ లిమిట్ 450 వాట్లు. అంటే రెండు 4090 కార్డులు ఫుల్ లోడ్‌లో వదిలే వేడిని, అగ్గిపుల్ల కన్నా సన్నని ఒక్క ధార మోసుకెళ్తోంది! ఇవి అంచనా కోసం నేను తీసుకున్న అంకెలే, ఇంజన్‌ని బట్టి మారతాయి. కానీ స్కేల్ ఇదే.

ఇంకో సరదా విషయం. పిస్టన్ ప్రయాణించే దూరం, అంటే స్ట్రోక్, 90 మిల్లీమీటర్లు అనుకుంటే 6000 ఆర్‌పీఎం దగ్గర దాని సగటు వేగం సెకనుకి 18 మీటర్లు. స్ట్రోక్ మధ్యలో అయితే 28 మీటర్ల దాకా వెళ్తుంది. అంటే ఆ క్షణంలో పైకి పోయే పిస్టన్‌ని ఆయిల్ ధార అందుకోలేదు కూడా. పిస్టన్ పైన నెమ్మదించినప్పుడు, తిరిగి కిందకి దూసుకొచ్చేటప్పుడు ధార గట్టిగా తగులుతుంది.

రెండు రకాల డిజైన్లు

మొదటిది ఓపెన్ జెట్. పిస్టన్ అడుగుకి నేరుగా ఆయిల్ కొట్టడమే. సింపుల్, చవక. దీంతోనే పిస్టన్ తల ఉష్ణోగ్రత కొన్ని పదుల డిగ్రీలు తగ్గుతుంది.

రెండోది కూలింగ్ గ్యాలరీ. పిస్టన్ పోత పోసేటప్పుడే తల లోపల, రింగుల వెనక భాగంలో, గుండ్రంగా ఒక సొరంగం వదిలేస్తారు. జెట్ కొట్టిన ఆయిల్ ఒక రంధ్రం నుంచి లోపలికి వెళ్లి, చుట్టూ తిరిగి, ఇంకో రంధ్రం నుంచి బయటికి వస్తుంది. ఈ సొరంగం ఎప్పుడూ పూర్తిగా నిండదు, నిండకూడదు కూడా. సగం నీళ్లున్న బాటిల్‌ని గట్టిగా ఊపితే నీళ్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి కదా, అలాగే పిస్టన్ కదలికకి ఆయిల్ లోపలి గోడలకి కొట్టుకుని వేడిని లాగేస్తుంది. బాటిల్ నిండుగా ఉంటే ఆ కుదుపు రాదు. ఎక్కువ లోడ్ ఉండే డీజిల్ ఇంజన్లలో ఈ పద్ధతి ఎక్కువ.

కూలింగ్ ఒక్కటేనా? లూబ్రికేషన్ సంగతి?

పిస్టన్‌ని తాకి చెదిరిన ఆయిల్ ఊరికే పోదు. కొంత గడ్జన్ పిన్ మీద, కనెక్టింగ్ రాడ్ పై చివర మీద పడుతుంది. ఆ పిన్ పూర్తిగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది అంతే. అలాంటి చోట ఆయిల్ పొర నిలబడటం కష్టం కాబట్టి ఈ చిలకరింపు దానికి చాలా మేలు చేస్తుంది. ఇంకొంత ఆయిల్ సిలిండర్ గోడ మీద పడి పిస్టన్ స్కర్ట్‌ని కాపాడుతుంది.

అయితే గోడ మీద ఆయిల్ ఎక్కువైనా ప్రమాదమే. కింద ఉండే ఆయిల్ రింగు దాన్ని గీకి తిరిగి చాంబర్‌లోకి పంపుతుంది. గీకడం సరిగా జరగకపోతే ఆయిల్ పైకి చేరి కాలుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో అలా పైకి చేరిన ఆయిల్, పెట్రోల్ చుక్కలు స్పార్క్ కన్నా ముందే అంటుకుని, తక్కువ ఆర్‌పీఎంలోనే పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు దెబ్బతీసే అవకాశం ఉంది. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ అంటారు.

జెట్‌ని కూడా సాఫ్ట్‌వేర్ నడిపిస్తే?

స్ప్రింగు, బాల్ పద్ధతిలో ఒక లోపం ఉంది. దానికి ప్రెషర్ తప్ప ఇంకేమీ తెలియదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆయిల్ చిక్కగా ఉంటుంది, ప్రెషర్ ఎక్కువ. అవసరం లేకపోయినా జెట్ తెరుచుకుంటుంది. అప్పుడు కావాల్సింది పిస్టన్ త్వరగా వేడెక్కడం. చల్లటి పిస్టన్ మీద పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, పొగలో కాలుష్యం పెరుగుతుంది.

అందుకే కొన్ని ఇంజన్లలో జెట్ల దారికి సొలెనాయిడ్ వాల్వ్ పెట్టి కంట్రోల్ ఈసీయూకి ఇచ్చారు. ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, లోడ్ చూసి ఎప్పుడు తెరవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. 2020లో యూరప్‌కి వచ్చిన సుజుకి స్విఫ్ట్ 1.2 డ్యూయల్‌జెట్ ఇంజన్‌లో ఇలా ఎలక్ట్రిక్ కంట్రోల్ ఉన్న పిస్టన్ కూలింగ్ జెట్లు ఇచ్చారు. టర్బో లేని చిన్న ఇంజన్‌కి కూడా జెట్లు వచ్చాయంటే, మైలేజ్ కోసం ఎంత లోతుకి వెళ్తున్నారో చూడండి.

ఐడియా మాత్రం కొత్తది కాదు. పోర్షె 911కి 1971 మోడల్ నుంచే పిస్టన్ ఆయిల్ జెట్లు ఉన్నాయి. 1985లో వచ్చిన సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 బైక్ రేడియేటర్ నీళ్లు లేకుండా, పిస్టన్ కింద, హెడ్ పైన ఆయిల్ చిమ్మే పద్ధతితోనే పేరు తెచ్చుకుంది.

ఓఆర్‌ఆర్ ఒక టెస్ట్, మైండ్‌స్పేస్ జంక్షన్ ఇంకో టెస్ట్

మన ఏరియాలో ఒకే కారు రోజూ రెండు రకాల పరీక్షలు రాస్తుంది.

మొదటిది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు నలుగురితో, లగేజీతో, ఏసీ ఆన్‌లో, మే నెల ఎండలో వెళ్తున్నారనుకోండి. ఇక్కడ వేడి ఎక్కువ, కానీ ప్రెషర్ కూడా బాగుంటుంది కాబట్టి జెట్లు పనిచేస్తూనే ఉంటాయి. ఆయిల్ సరైనది, సరిపడా ఉంటే ఇంజన్‌కి ఇది పెద్ద కష్టం కాదు.

రెండోది సాయంత్రం ఆరున్నరకి మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, రాయదుర్గం. పదడుగులు కదలడం, ఆగడం. ఇక్కడ జెట్లు చాలాసేపు మూసుకునే ఉంటాయి. కంగారు పడొద్దు, లోడ్ తక్కువ కాబట్టి పిస్టన్‌కి అంత వేడి ఎక్కదు. నష్టం ఇంకోలా జరుగుతుంది. ఓడోమీటర్ 5 కిలోమీటర్లు చూపిస్తే ఇంజన్ మాత్రం 40 నిమిషాలు నడిచి ఉంటుంది. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, అందులో చేరిన పెట్రోల్, తేమ ఆవిరైపోవు. ఆయిల్ త్వరగా పాడై, నల్ల జిడ్డుగా మారడం మొదలవుతుంది. ఆ జిడ్డుకి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం మూయడం పెద్ద పని కాదు.

అసలు డేంజర్ ఏంటంటే, ఒక జెట్ మూసుకుపోతే డ్యాష్‌బోర్డ్‌లో ఏ లైటూ వెలగదు. ఆయిల్ లైట్ చెప్పేది గ్యాలరీలో ప్రెషర్ గురించి మాత్రమే. ఒక జెట్ మూసుకున్నా ఆ ప్రెషర్ తగ్గదు. ట్రాఫిక్‌లో పాడైన ఆయిల్ బిల్లు, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు హైవే మీద చేతికొస్తుంది.

మీరు చేయాల్సినవి

1. కిలోమీటర్లే కాదు, నెలలు కూడా చూడండి. మాన్యువల్‌లో "సివియర్ యూసేజ్" అనే టేబుల్ ఉంటుంది. ఆగుతూ సాగే ట్రాఫిక్, చిన్న ట్రిప్పులు, బాగా వేడి వాతావరణం చాలా కంపెనీల లెక్కలో దాని కిందకే వస్తాయి. మియాపూర్ నుంచి రాయదుర్గం రోజూ తిరిగే కారు ఆ టేబుల్‌నే ఫాలో అవ్వాలి.

2. గ్రేడ్ మార్చొద్దు. మాన్యువల్ 0డబ్ల్యూ-20 అంటే అదే పోయించండి. "మన ఎండలకి చిక్కటి ఆయిల్ మంచిది" అన్న సలహా విని మార్చేస్తే జెట్ నుంచి వచ్చే ధార లెక్క కూడా మారిపోతుంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారైతే డబ్బా మీద ఏపీఐ ఎస్పీ ఉందో చూడండి. 2020లో వచ్చిన ఈ స్టాండర్డ్‌లో ఎల్‌ఎస్‌పీఐ టెస్ట్ ఉంది. ముందు మాన్యువల్, తర్వాతే మిగతావి.

3. నెలకోసారి డిప్‌స్టిక్ తీయండి. లెవెల్ బాగా తగ్గితే మలుపుల్లో పంప్ గాలి పీలుస్తుంది. జెట్ నుంచి ఆయిల్ బదులు నురగ వస్తుంది. నురగ వేడిని మోయలేదు.

4. ఫిల్టర్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా వెళ్తుంది. ఆ చెత్త చేరే చోట్లలో జెట్ ఒకటి.

5. రీమ్యాప్ చేయించే ముందు ఆలోచించండి. ఈసీయూ ఫైల్ మార్చి 30 పీఎస్ పెంచడం లాప్‌టాప్‌తో గంట పని. జెట్ రంధ్రం, పంప్ కెపాసిటీ, పిస్టన్ లోహం మాత్రం పాతవే. కూలర్ మార్చకుండా ఓవర్‌క్లాక్ చేసినట్టే. పీసీ అయితే రీస్టార్ట్ అవుతుంది, పిస్టన్‌కి ఆ సౌకర్యం లేదు. వారంటీ కూడా పోతుంది.

6. సెకండ్ హ్యాండ్ టర్బో కొనేటప్పుడు ఆయిల్ మార్చిన తేదీలు అడగండి. ఆయిల్ పోసే మూత తీసి లోపల నల్ల జిడ్డు ఉందేమో చూడండి. ఇంజన్ విప్పి బోరు పని చేయించిన కారైతే, జెట్లు శుభ్రం చేసి గురి సరిచూశారా అని మెకానిక్‌ని అడగండి. పని మధ్యలో కనెక్టింగ్ రాడ్ తగిలి గొట్టం కొద్దిగా వంగినా ధార పిస్టన్ బదులు గోడకి తగులుతుంది.

రెండు డౌట్లు

*హైవే నుంచి దిగగానే ఇంజన్ ఆపేయొచ్చా?* ఇంజన్ ఆగితే పంప్ ఆగుతుంది, జెట్లూ టర్బోకి ఆయిలూ ఆగిపోతాయి. టోల్ దాటి, సర్వీస్ రోడ్డులో నెమ్మదిగా రెండు నిమిషాలు నడిస్తే చాలు, వేడి దానంతటదే తగ్గుతుంది. 120 మీద వచ్చి నేరుగా దాబా ముందు ఆగితే మాత్రం నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచి ఆపండి.

*ఈవీలు వచ్చేస్తున్నాయిగా, ఇదంతా ఎందుకు?* ఈవీలో పిస్టన్ లేదు, కానీ ఆయిల్ జెట్ ఉండొచ్చు! కొన్ని ఈవీ మోటార్లలో రాగి చుట్టల మీద నేరుగా ఆయిల్ చల్లి చల్లబరుస్తారు. ఆయిల్ కరెంట్‌ని పోనివ్వదు కాబట్టి అది కుదురుతుంది. వేడి పుట్టే చోటికే ద్రవాన్ని పంపాలన్న సూత్రం అదే, పిస్టన్ స్థానంలో మోటార్ వచ్చింది అంతే.

టర్బో కారు కొన్నవాళ్లు ఈ వీకెండ్ ఒక పని చేయండి. గ్లవ్ బాక్స్‌లోంచి మాన్యువల్ తీసి, సివియర్ యూసేజ్ పేజీలో ఆయిల్ ఎన్ని నెలలకి మార్చమన్నారో చూడండి. లాస్ట్ సర్వీస్ బిల్లు మీద తేదీతో పోల్చండి. తేడా కనబడితే, తర్వాతి సర్వీస్ రిమైండర్ కోసం ఎదురుచూడకుండా ఆయిల్, ఫిల్టర్ మార్పించేయండి.